కాగితం పోయినప్పుడు చెవిన పెట్టకూడని సలహాలు

బర్త్ సర్టిఫికెట్ కనిపించడం లేదని ఇంట్లో ఎవరో ఒకరు అనడమే ఆలస్యం, వెతికిపెట్టే మనిషి దొరక్కపోయినా సలహాలకు మాత్రం కొదవుండదు. పెదనాన్న ఒకటి చెబుతాడు, పక్కవాటా ఆయన ఇంకొకటి, మీసేవ కౌంటరు ముందు వరసలో నిలబడ్డ ముక్కూమొహం తెలియనివాళ్లు మరో రెండు. చెప్పేవాళ్లంతా మన మేలు కోరేవాళ్లే. అయినా ఆ సలహాల్లో చాలావరకు పనిని చెడగొడతాయి. కొన్నయితే ఒక చిన్న కాగితం పోయిన ఇబ్బందిని పిల్లల పాస్‌పోర్టు దాకా, మనవల వీసా దాకా వెంటాడే చిక్కుగా మార్చేస్తాయి. అందుకే ముందుగా ఏ మాట వినకూడదో, ఎందుకు వినకూడదో రాస్తున్నాను.

వీటన్నిటికీ వేరు ఒక్కటే: మన బీరువాలో ఉన్న కాగితమే అసలుదన్న నమ్మకం. నిజానికి మన దగ్గరున్నది నకలు. అసలు రికార్డు ఏదో ఒక ప్రభుత్వ కార్యాలయంలో, ఒక రిజిస్టరులో, ఒక వరుసగా ఉంటుంది. ట్రంకు పెట్టెలో చెద పట్టినా, ఇల్లు మారేటప్పుడు సంచీ పోయినా ఆ వరుసకు ఏమీ కాదు. జనన, మరణ రిజిస్టర్లు శాశ్వతంగా భద్రపరచవలసిన రికార్డులనీ, వాటిని ధ్వంసం చేయకూడదనీ నిబంధనల్లోనే ఉంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ ప్రకారం రుసుము కట్టి రిజిస్టరు వెతికించుకోవచ్చు, అందులోని నమోదుకు ధ్రువీకరించిన నకలు తీసుకోవచ్చు. ఒకసారి ఇచ్చేశాం కాబట్టి మళ్లీ ఇవ్వం అనడానికి ఆ చట్టంలో చోటు లేదు.

“పోయిందిగా, ఇప్పుడు కొత్తగా రాయించేసుకో”

నేను విన్నవాటిలో ఎక్కువ నష్టం చేసేది ఇదే. పాత రికార్డు వెతకడం తలనొప్పి కాబట్టి ఆలస్యపు నమోదు కింద కొత్తగా రాయించుకుంటే పోతుందని చెబుతారు. ఇది గోటితో పోయేదానికి గొడ్డలి తేవడమే.

ఆలస్యపు నమోదు ఎవరికోసం పెట్టారో చూడండి. బిడ్డ పుట్టిన 21 రోజుల లోపు సమాచారం ఇవ్వాలి. ఆ గడువు దాటి 30 రోజుల లోపైతే ఆలస్య రుసుముతో నమోదు చేస్తారు. 30 రోజులు దాటి ఏడాది లోపైతే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది కూడా దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023లో చట్టాన్ని సవరించాక ఈ ఉత్తర్వు ఇచ్చే అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఉంది. మన వాడుకలో చెప్పాలంటే కలెక్టరు, ఆర్డీవో స్థాయి పని. ఇదంతా అసలు ఎప్పుడూ, ఎక్కడా నమోదు కాని పుట్టుక కోసం. ఒకసారి నమోదైన పుట్టుకకు ఈ దారి లేదు. ఇంతకుముందు నమోదు కాలేదని అర్జీలో రాసి సంతకం పెట్టాక, పాత రిజిస్టరులో పేరు బయటపడితే ఆ సంతకమే అబద్ధమవుతుంది.

అలా రెండు నమోదులు పడ్డ కుటుంబాల అవస్థ చూసినవాణ్ని కాబట్టి గట్టిగా చెబుతున్నాను. ఒక అమ్మాయి పుట్టింది తల్లి పుట్టింటి ఊళ్లో. ఆస్పత్రివాళ్లు అప్పుడే రాయించారు. ఆ కాగితం పోయిందని పాతికేళ్ల తర్వాత తండ్రి తన సొంతూళ్లో కొత్త నమోదు చేయించాడు. ఒకదానిలో పుట్టిన ఊరు ఒకటి, రెండోదానిలో ఇంకొకటి. తేదీలో రెండు రోజుల తేడా. పెళ్లయి విదేశానికి వెళ్లవలసిన సమయంలో పాత కాగితం అమ్మమ్మగారి పెట్టెలో దొరికింది. ఇంటిల్లిపాదీ సంతోషించారు గానీ, ఆ రోజు నుంచే అమ్మాయికి కష్టాలు మొదలయ్యాయి. రెండిట్లో ఏది నిజమని అడిగితే చెప్పడానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. తప్పుగా పడిన నమోదును రద్దు చేయడానికి అదే చట్టంలో 15వ సెక్షన్ ఉంది. రద్దు చేయించుకోవడం మాత్రం నకలు తెచ్చుకోవడమంత తేలిక కాదు.

కొత్త నమోదు అన్న మాట ఎత్తేముందు వెతకవలసిన చోటల్లా వెతికించండి. అక్కడ లేదని రాతపూర్వకంగా చేతికి వచ్చాకే ఆ ఆలోచన చేయండి.

“సొంతూరు పంచాయతీలో అడుగు, అక్కడే ఉంటుంది”

పుట్టుక నమోదయ్యేది పుట్టిన చోట. నాన్న ఊరు, ఇంటిపేరు పుట్టిన ఊరు, ఆధార్‌లో ఉన్న ఊరు, ఇవేవీ లెక్కలోకి రావు. మనలో తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. కాబట్టి పెద్ద బిడ్డ రికార్డు చాలా ఇళ్లలో అమ్మమ్మగారి ఊరి వైపే ఉంటుంది. ఇంకొంచెం లోతుకెళితే, అమ్మమ్మది పల్లెటూరే అయినా కాన్పు దగ్గర్లోని పట్నంలో ఆస్పత్రిలో జరిగి ఉంటే నమోదు ఆ పట్నం మునిసిపాలిటీలో పడుతుంది. అందుకని ముందు అమ్మను అడగండి, అమ్మ లేకపోతే పిన్నినో మేనమామనో అడగండి. ఏ ఆస్పత్రి, ఏ వీధి, మంత్రసాని పురుడు పోసిందా, డాక్టరమ్మా? ఆ జవాబు తెలిస్తే సగం పని అయినట్టే.

ఊరు సరిగ్గా తెలిసినా గది సరిగ్గా తెలియాలి. పంచాయతీల్లో ఇప్పుడు రిజిస్ట్రారు పంచాయతీ కార్యదర్శి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2 నుంచి వచ్చిన గ్రామ, వార్డు సచివాలయాల్లో అర్జీ ఇవ్వొచ్చు. తెలంగాణలో మీసేవ ఉంది. కానీ పాత రిజిస్టర్లు చాలావరకు పంచాయతీ బీరువాలో ఉండవు. ఏ ఏడాది రిజిస్టరునైనా ఆ ఏడాది ముగిశాక పన్నెండు నెలలు రిజిస్ట్రారు తన దగ్గర ఉంచుకుని, తర్వాత భద్రపరిచే అధికారికి అప్పగించాలని నిబంధన. దానికితోడు మన పాలనలో వచ్చిన మార్పులు కలిశాయి. ఒకప్పుడు ఊళ్లో జనన మరణాలు రాసింది గ్రామ మునసబు. 1984 జనవరిలో మునసబు, కరణం పదవులు రద్దయ్యాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. కాబట్టి 1978లో పుట్టినవాళ్ల రికార్డు కోసం ఇవాళ్టి పంచాయతీ ఆఫీసులో అడిగితే ‘మా దగ్గర లేదు’ అనే వస్తుంది. కార్యదర్శి అబద్ధం చెప్పడం లేదు. అది పాత తాలూకా కేంద్రంలోని తహశీల్దారు కార్యాలయం రికార్డు గదిలో ఉండవచ్చు. మీ ఊరు ఆ రోజుల్లో ఏ తాలూకాలో ఉండేదో కనుక్కుని అక్కడికి వెళ్లండి. ఊళ్లో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. పాత భూమి దస్తావేజులో కూడా తాలూకా పేరు రాసి ఉంటుంది.

హైదరాబాద్‌లోనూ ఇదే సంగతి. 2007లో చుట్టుపక్కల పన్నెండు మునిసిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. అంతకుముందు కూకట్‌పల్లిలోనో ఎల్బీనగర్‌లోనో పుట్టినవాళ్ల నమోదు ఆనాటి మునిసిపాలిటీ పేరు మీద ఉంటుంది. జిల్లాల సంగతి సరేసరి. తెలంగాణలో 2016 అక్టోబరులో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి, తర్వాత ముప్పై మూడు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న పదమూడు ఇరవై ఆరయ్యాయి. ‘ఇప్పుడు మన జిల్లా మారింది కదా, సర్టిఫికెట్‌లో కూడా మార్పించు’ అని ఎవరైనా అంటే వినకండి. పుట్టిన రోజున ఆ ఊరు ఏ జిల్లాలో ఉందో అదే సరైన జిల్లా.

“పేరు కొట్టి చూశారు, రాలేదు, ఇక లేనట్టే”

పాత జనన రిజిస్టరు ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? నిలువు గళ్లు, చివరలు మెత్తబడి అరిగిన కాగితం, నీలిసిరా. పుట్టిన తేదీ, ఆడా మగా, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన చోటు, సమాచారం ఇచ్చినవాళ్ల పేరు, అన్నీ నింపి ఉంటాయి. బిడ్డ పేరు గడిలో మాత్రం చిన్న అడ్డగీత. పేజీ తిప్పితే మళ్లీ అవే గీతలు. ఎందుకంటే ఆస్పత్రి నుంచి సమాచారం వెళ్లేసరికి చాలా ఇళ్లలో ఇంకా బారసాల అయి ఉండదు. పేరు పెట్టాక వెళ్లి రాయించాలని ఎంతమందికి తెలుసు? కంప్యూటరులోకి ఎక్కించినవాళ్లు కూడా గీతను గీతగానే ఎక్కించారు. అటువంటి నమోదును మీ పేరుతో వెతికితే ఎలా దొరుకుతుంది?

తల్లిదండ్రుల పేర్లతో, తేదీతో వెతికించండి. తేదీకి అటూ ఇటూ కొన్ని రోజులు కలిపి చూడమనండి. అర్ధరాత్రి దాటాక పుట్టిన బిడ్డకు ఇంట్లో ఒక తేదీ చెప్పుకుంటారు, ఆస్పత్రిలో ఇంకోటి రాస్తారు. తల్లి పేరు దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. పుట్టింట్లో పిలిచే పేరు, అత్తింట్లో మార్చిన పేరు, రెండూ ఇవ్వండి. తండ్రి ఇంటిపేరు ముందూ వెనకా మార్చి చూడమనండి. వెతుకుడు రుసుము ఏడాదికింత అని ఉంటుంది. కాబట్టి సంవత్సరం గట్టిగా తెలిస్తే డబ్బు కలిసొస్తుంది, గుమాస్తా ఓపికా నిలుస్తుంది.

నమోదు దొరికి, పేరు గడి ఖాళీగా ఉంటే అప్పుడు చేయవలసిన పని పేరు చేర్పించడం. దానికి 14వ సెక్షన్ ఉంది. ఏడాది లోపైతే ఉచితం, తర్వాత పదిహేనేళ్ల వరకు రుసుముతో. ఆ గడువు దాటినవాళ్లు అప్పటికి ప్రభుత్వం సడలింపు ఏమైనా ఇచ్చిందేమో రిజిస్ట్రారు దగ్గర కనుక్కోవాలి. అక్కడ కూడా ‘గడువు దాటింది కాబట్టి కొత్త నమోదు చేయించు’ అనే గొంతు వినిపిస్తుంది. పైన చెప్పిన కారణానికే ఆ మాట కాదనండి.

“టెన్త్ మెమోలో ఉన్న తేదీకి సరిపెట్టించు”

మన తెలుగిళ్లలో నడివయసు దాటిన చాలామందికి రెండు పుట్టినరోజులు. ఒకటి అమ్మ చెప్పేది, రెండోది బళ్లో వేసింది. జూన్‌లో బడి తెరిచేనాటికి ఐదేళ్లు నిండాలి కాబట్టి మాస్టారు వేలి లెక్కలేసి ఓ తేదీ రాసేవారు. అదే పదో తరగతి మెమోలోకి, ఉద్యోగంలోకి, పెన్షన్లోకి వచ్చింది. ఇప్పుడు జనన నమోదు నకలు తీస్తే వేరే తేదీ కనిపిస్తుంది. అప్పుడు ఈ సలహా వస్తుంది: రిజిస్టరునే దిద్దించేయ్.

దిద్దించకండి. 15వ సెక్షన్ కింద తప్పులు సరిచేయవచ్చు, నిజమే. నిజంగా తప్పు పడినప్పుడే. అదీ అసలు రాతను చెరపకుండా, మార్జిన్‌లో సవరణ రాసి, తేదీ వేసి, రిజిస్ట్రారు సంతకం చేయాలి. కొట్టివేసి పైన రాసినా, వైట్‌నర్ పూసినా ఆ పేజీ అనుమానంపాలవుతుంది. అసలు రిజిస్టరులో ఉన్నది నిజమైన తేదీ అయినప్పుడు, బడిలో వేసిన తేదీ కోసం దాన్ని తప్పుగా మార్చడం ఎంత అన్యాయమో ఆలోచించండి. మీ పుట్టుకకు ఉన్న ఏకైక నిజ సాక్ష్యాన్ని మీరే చెడగొట్టుకున్నవాళ్లవుతారు. ప్రభుత్వోద్యోగులకైతే సర్వీసు రిజిస్టరులో పడ్డ తేదీ మారదు, దానికి 1984 నుంచి విడిగా నిబంధనలే ఉన్నాయి. కాబట్టి ఆ మార్పు వల్ల వాళ్లకు ఒరిగేది కూడా ఏమీ లేదు. తేడా ఎందుకొచ్చిందో అడిగితే ఉన్నదున్నట్టు రాసివ్వండి. ఇటువంటి తేడా చూడని అధికారి ఈ దేశంలో ఉండడు.

ఆధార్ చూపించి తేదీ వేయించుకోమనేవాళ్లూ ఉన్నారు. ఆధార్ మనిషెవరో చెబుతుంది. పుట్టిన తేదీకి దాన్ని రుజువుగా తీసుకోలేమని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో చెప్పి, బడి సర్టిఫికెట్‌లోని తేదీనే తీసుకుంది.

“ముందు పోలీస్ స్టేషన్‌కి పో”, “నోటరీ చేయించు”, “గెజిట్ వేయించు”

ఈ మూడూ వేరే జబ్బులకు రాసిన మందులు. పదో తరగతి మెమో, డిగ్రీ పట్టా లాంటివి పోతే బోర్డులు, విశ్వవిద్యాలయాలు పోలీసు కాగితం అడుగుతాయి, అందుకని జనానికి అది బుర్రలో పడిపోయింది. జనన, మరణ నమోదు నకలుకు రిజిస్టరే ఆధారం. పోయిన కాగితం ఎక్కడ పోయిందన్నది ఆ రిజిస్టరుకు అనవసరం. నోటరీ అఫిడవిట్ అంటే మీరు చెప్పినదాన్ని మీరు చెప్పారని ధ్రువీకరించడం, అంతే. అది సర్టిఫికెట్‌కు బదులు కాదు. గెజిట్ పేరు మార్చుకునేవాళ్లకు. వీటికి తిరిగే సమయం, పెట్టే డబ్బు రికార్డు వెతకడం మీద పెట్టండి.

ఏ కార్యాలయంవాళ్లయినా వీటిలో ఒకటి తప్పనిసరి అంటే, ఏ నిబంధన ప్రకారం అని మర్యాదగా అడగండి. కాగితం మీద రాసివ్వమనండి.

“తెలిసిన మనిషున్నాడు, రెండు రోజుల్లో తెచ్చిస్తాడు”

ఆఫీసు గేటు దగ్గర టీ కొట్టు బల్ల మీద కూర్చున్న మనిషి తెచ్చేది రెండు రకాల్లో ఒకటి. మీకు హక్కుగా రావలసిన నకలునే పది రెట్ల డబ్బు తీసుకుని తేవడం ఒకటి. అది డబ్బు నష్టం. రెండోది దొంగ సర్టిఫికెట్. అది జీవితకాలపు నష్టం. చూడ్డానికి ప్రభుత్వ వెబ్‌సైటులాగే ఉండే దొంగ సైట్లు పెట్టి, క్యూఆర్ కోడ్ కూడా వేసి ఇస్తున్నారు. కోడ్ స్కాన్ చేస్తే ఆ దొంగ సైటే తెరుచుకుని ‘సరైనదే’ అంటుంది. స్కాన్ చేసినప్పుడు వచ్చే చిరునామా ప్రభుత్వానిదేనా, చివర జీఓవీ డాట్ ఇన్ ఉందా, ఒక్కో అక్షరం చూడండి. జనన రిజిస్టరునుగానీ, ప్రభుత్వోద్యోగి ఇచ్చినట్టు సర్టిఫికెట్‌నుగానీ ఫోర్జరీ చేస్తే భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఏడేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. దొంగదని తెలిసి వాడుకున్నవాళ్లదీ నేరమే. మీ పాపను ఒకటో తరగతిలో చేర్చడానికి ఇచ్చిన కాగితం ఆ పాప పెద్దదయ్యేదాకా దాని ఫైలులోనే ఉంటుందని మరిచిపోకండి.

చిన్నపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు పుట్టిన తేదీకి, పుట్టిన చోటుకు జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం. బడి, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు జాబితా, పాస్‌పోర్టు, ప్రభుత్వోద్యోగం అన్నిటికీ అదొక్కటే. పెద్దవాళ్లకు టీసీ, పాన్, ఎల్‌ఐసీ బాండు లాంటి ఆసరాలున్నాయి. ఈ పిల్లలకు లేవు.

“రిజిస్టరు దొరకలేదన్నారు, వదిలెయ్”

‘దొరకలేదు’ అని నోటితో చెప్పిన మాటకు విలువ లేదు. వెతికి చూశామనీ, ఆ సంవత్సరం రిజిస్టరులో ఆ నమోదు లేదనీ రిజిస్ట్రారు ఇవ్వవలసిన పత్రం ఒకటి ఉంది. అలభ్యతా పత్రం అంటారు. నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ అంటేనే కౌంటరులో త్వరగా తెలుస్తుంది. అమెరికాలో గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టుకున్న తెలుగువాళ్లకు ఈ కాగితం బాగా పరిచయం. 1970లు, 80లలో పల్లెల్లో ఇంట్లోనే పుట్టి నమోదు కానివాళ్లు ఈ పత్రానికి తోడు, తమ పుట్టుక స్వయంగా తెలిసిన పెద్దవాళ్ల అఫిడవిట్లు, బడి రికార్డులు జతచేస్తారు. వాళ్లకు కూడా మనవాళ్లు ‘ఊళ్లో కొత్త సర్టిఫికెట్ పుట్టించి పంపిస్తాం’ అంటూ ఉంటారు. పుట్టిన నలభై ఏళ్లకు నమోదైన కాగితం చూస్తే అక్కడి అధికారి అదనపు ఆధారాలు అడుగుతాడు. లేదని నిజం చెప్పే పత్రమే అక్కడ ఎక్కువ పనికొస్తుంది.

రిజిస్టరు ఏ గదిలో ఉందో కూడా ఎవరూ చెప్పకపోతే సమాచార హక్కు అర్జీ పెట్టండి. ‘ఫలానా గ్రామానికి ఫలానా సంవత్సరపు జనన రిజిస్టరు ఇప్పుడు ఏ కార్యాలయంలో, ఎవరి ఆధీనంలో ఉంది? అప్పగించినట్టు నమోదు ఉంటే దాని నకలు ఇవ్వండి’, ఈ రెండు వాక్యాలు చాలు. మన రాష్ట్రాల్లో గ్రామస్థాయిలో దీనికి రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

తడిసిన కాగితాల గురించి ఇక్కడే చెప్పాలి. 2009 అక్టోబరులో కర్నూలు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఇళ్లలోని కాగితాలన్నీ బురదైపోయాయి. అలాంటప్పుడు ‘పారేయ్, కొత్తది వస్తుంది’ అంటారు. పారేయకండి. నీడలో, చదునుగా, ఒక్కోటి విడదీసి ఆరబెట్టండి, ఇస్త్రీ పెట్టె ఆనించవద్దు. ఆ ముద్దలో రిజిస్ట్రేషన్ నంబరు, నమోదు తేదీ చదవగలిగితే చాలు, వెంటనే ఫోటో తీసుకోండి. ఆ నంబరుంటే వెతుకులాటే ఉండదు. కొత్త నకలు వచ్చాక లామినేషన్ చేయించమనే సలహా కూడా వద్దు. విదేశాల కోసం అపోస్టిల్ ముద్ర వేయించాలంటే ప్లాస్టిక్ మీద వేయరు. డిజిలాకర్‌లోకి ప్రభుత్వ శాఖ నుంచి నేరుగా వచ్చిన పత్రానికి అసలుతో సమానమైన విలువ ఉంది. మనం ఫోటో తీసి ఎక్కించుకున్నదానికి ఆ విలువ లేదు.

పెళ్లి సర్టిఫికెట్ పోయినా సూత్రం అదే. రిజిస్టరైన సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ధ్రువీకరించిన నకలు అడగాలి. ఇంకో ఊళ్లో మళ్లీ రిజిస్టరు చేయించుకోమంటే వద్దనండి. ముస్లింలు నికా జరిపించిన ఖాజీ దగ్గర, క్రైస్తవులు పెళ్లి జరిగిన చర్చి రిజిస్టరులో చూడాలి.

“ఎలాగూ కొత్తది తీస్తున్నాం, అక్కాచెల్లెళ్ల పేర్లు ఎందుకు?”

ఇప్పటిదాకా చెప్పినవి అమాయకత్వంతో ఇచ్చే సలహాలు. ఇది అలాంటిది కాదు.

ఇంటిపెద్ద పోయాక తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, అదే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పోయిందనుకోండి. మీసేవలో తీసుకున్నదైతే దరఖాస్తు నంబరుతో మళ్లీ ప్రింటు అడగవచ్చు. అంతకుముందు చేతిరాతతో ఇచ్చినదైతే తహశీల్దారు కార్యాలయంలో ఆ ఫైలు ఆర్.సి. నంబరు, తేదీ చెప్పి నకలు అడగాలి. బ్యాంకులోనో, ఆయన పనిచేసిన ఆఫీసులోనో ఇచ్చిన జిరాక్స్ మీద ఆ నంబరు దొరుకుతుంది. ఇంత దారి ఉండగా కొందరు పెద్దమనుషులు కొడుకులను పక్కకు పిలిచి చెప్పే మాట ఇది. పాతది పోయింది కాబట్టి కొత్తగా విచారణ పెట్టిద్దాం, ఆడపిల్లలకు పెళ్లప్పుడే ఇచ్చేశాంగా, వాళ్ల సంతకాలకు ఎవరు తిరుగుతారు, అమ్మ పేరూ మీ పేర్లూ వేస్తే సరిపోతుంది.

ఇది దొంగతనం. చనిపోయిన హిందువు స్వార్జితానికి భార్య, కొడుకులు, కూతుళ్లు మొదటి తరగతి వారసులని 1956 నాటి వారసత్వ చట్టం చెబుతోంది. చాలామంది మరిచిపోయేది ఇంకొకరున్నారు, చనిపోయిన మనిషి కన్నతల్లి. ఆమె బతికుంటే ఆమెదీ మొదటి తరగతే. కొడుకు పోయిన ముసలమ్మ పేరు ఎన్ని పత్రాల్లో కనిపించదో చూస్తే బాధేస్తుంది. ఇక పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చినవాటిలో ముందున్నది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే. 1986 సవరణ చట్టంతో 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఆ హక్కు వచ్చింది. దేశమంతటికీ, పెళ్లయినవాళ్లతో సహా కూతుళ్లందరికీ 2005 సెప్టెంబరు 9 నుంచి వచ్చింది. అది పుట్టుకతో వచ్చే హక్కని, 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. పెళ్లిలో పెట్టిన బంగారం ఈ హక్కును చెరపదు.

కాగితం పోవడం అనే సందు చూసుకుని కుటుంబాన్ని చిన్నది చేయడం ఎంత తేలికో నాకు తెలుసు. ఊళ్లో ఇద్దరు సాక్షులు చాలు. తర్వాత పెన్షన్ బకాయిలు, గ్రాట్యుటీ, బ్యాంకు డిపాజిట్లు ఆ పత్రం మీదే కదులుతాయి. పేరు తీసేసిన ఆడపిల్ల హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో ఉండి, ఏడాదికోసారి సంక్రాంతికి వచ్చి వెళుతూ ఉంటుంది. ఆమెకు ఎప్పటికో తెలుస్తుంది. అప్పుడు తెగేది ఆస్తి ఒక్కటే కాదు.

కాబట్టి కొడుకులకు చెబుతున్నాను: పాత పత్రంలో ఎవరెవరి పేర్లున్నాయో అందరి పేర్లతోనే నకలు అడగండి. కొత్త విచారణ తప్పనిసరైతే అక్కకు, చెల్లికి, నాయనమ్మకు ముందే ఫోను చేసి చెప్పండి. దూరాన ఉన్నవాళ్ల కోసం నాలుగు రోజులు ఆగండి. సాక్షి సంతకానికి పిలిచిన ఇరుగుపొరుగువాళ్లకు కూడా ఒక మాట. ఆ ఇంట్లో ఆడపిల్లలు పుట్టి పెరగడం మీ కళ్లతో చూశారు. వాళ్ల పేర్లు లేని కాగితం కింద సంతకం పెట్టకండి.

పేరు లేకుండా పత్రం బయటకు వచ్చేసిందని తెలిసిన ఆడపిల్లలు, అమ్మలు అధైర్యపడవద్దు. ఆ పత్రం ఆస్తి ఎవరిదో తేల్చదు. పేరు లేనంత మాత్రాన హక్కు పోదు. మీ బర్త్ సర్టిఫికెటో, టీసీయో, పాత రేషన్ కార్డు నకలో, తండ్రి పేరున్న కాగితం ఏదైనా జతచేసి తహశీల్దారుకు అభ్యంతరం రాసివ్వండి. వినకపోతే ఆర్డీవో దగ్గరకు, అక్కడా కాకపోతే సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు. డబ్బు ఉన్న బ్యాంకుకు, తండ్రి పనిచేసిన కార్యాలయానికి కూడా అదే రోజు స్పీడ్ పోస్టులో తెలియజేయండి, చెల్లింపులు ఆపమని అడగండి. అమ్మకో నాయనమ్మకో చదువు రాకపోతే పక్కన కూర్చుని అర్జీ రాసిపెట్టండి, రాసింది చదివి వినిపించండి. ఇన్‌వర్డు గుమాస్తా దగ్గర రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించి, ఆ ప్రతి ఆమె చేతికే ఇవ్వండి.